అల్లుడూ, ఏ లినక్సునీ కాదనకు

సినిమాలూ, పాటలూ, పెళ్లి వీడియోలూ ఇంట్లోనే ఒక పెట్టెలో దాచుకుని ఏ గదిలో టీవీ ఉంటే ఆ గదిలో చూసుకునే సాఫ్ట్‌వేర్ తయారుచేశావని అక్క ఫోన్లో చెప్పింది. సంతోషం. అది ఏయే లినక్సుల మీద నడుస్తుందని రాయాలో తేలక నెల్లాళ్లుగా బుర్ర గోక్కుంటున్నావట. మేనమామ బతికుండగా నీకా అవస్థ ఎందుకురా? పోతనాళ క్యాంపులో, వడ్ల కొట్టు పక్క గదిలో, నేను ఐదేళ్లుగా అలాంటి పెట్టె నడుపుతున్నాను. అనుభవంతో చెబుతున్నాను, రాసుకో.

ముందు జాబితా పొడుగ్గా ఉండాలి. డెబియన్, ఉబుంటు, ఫెడోరా, ఆర్చ్, ఓపెన్‌సూసే, ఆల్పైన్, జెంటూ, స్లాక్‌వేర్... పేరు చెవినపడ్డదల్లా ఎక్కించు. ఒక్కోదాని మీదా వేసి, తీసి, పాతదాని మీద కొత్తది వేసి చూడొద్దా అంటావు. ఎందుకు చూడాలి? తుంగభద్ర ఎడమ కాలవ 227 కిలోమీటర్లు. కాగితం మీద ఆయకట్టు చివరి ఎకరం దాకా ఉంటుంది. నీళ్లు చివరి ఊరి మడిలోకి దిగాయో లేదో చూసి వచ్చాక ఆ లెక్క రాశారా ఎవరైనా? నీదీ అంతే. చివరి తూము దగ్గరున్నవాడు మొత్తుకుంటే అప్పుడు చూసుకోవచ్చు.

చాలామంది ఇళ్లలో ఉండేది ఉబుంటు ఎల్‌టీఎస్సో డెబియనో కదా, ఆ రెంటినీ సరిగ్గా చూసుకుంటే చాలదా అని గొణుగుతావని తెలుసు. వాళ్లెక్కడికి పోతారు, ఎలాగూ వస్తారు. నువ్వు నిద్ర మానుకోవాల్సింది జెంటూ వాడే ఆ ఒక్క మనిషి కోసం. అతను ప్రతి ప్రోగ్రామూ తన ఇంట్లో తానే కంపైల్ చేసుకుంటాడు, నీ ప్యాకేజీ ముట్టుకోడు. అయినా మర్యాద మర్యాదే. రాస్‌బెర్రీ పై వాళ్ల ఓఎస్, మన సీ-డాక్ వాళ్ల బాస్ కూడా డెబియన్ మీద కట్టినవే. వాటిని ఆ ఇంట్లోనే కలిపెయ్యకు. వేర్వేరు పీటలు వెయ్యి. విస్తళ్లు ఎక్కువుంటేనే అది పెళ్లి.

ప్యాకేజీ కట్టేటప్పుడు నీ దగ్గరున్న వాటిలో అన్నిటికంటే కొత్త లినక్సు మీదే కట్టు. జీలిబ్‌సీ అని ప్రోగ్రాముల కింద పునాదిలా ఒకటుంటుంది. పాతదాని మీద కట్టింది కొత్తదాని మీద మామూలుగా నడుస్తుంది, కొత్తదాని మీద కట్టింది పాతదాని మీద మొరాయిస్తుంది. డెబియన్ 10లో అది 2.28, డెబియన్ 12లో 2.36. నీ ప్రోగ్రాము 2.36 కావాలని పట్టుబట్టిందనుకో, పాత పెట్టె వాడికి తెర మీద ‘దొరకలేదు’ అని ఒక్క ముక్క కనపడి ఆగిపోతుంది. పోనీ, వాడే కొత్త పెట్టె కొనుక్కుంటాడు. నాలుగు రూకలు చేతులు మారతాయి. ఆల్పైన్‌లో జీలిబ్‌సీ బదులు మసల్ అని వేరేది ఉంటుంది, ఇక్కడ కట్టింది అక్కడ కదలదు. అయినా పేరు మాత్రం కొట్టెయ్యకు, బాధపడతారు.

డాకర్ ఇమేజ్ ఒకటి ఇస్తే కింద ఏ లినక్సున్నా దాదాపు ఫరవాలేదంటారు. అలా చేస్తే ఇంత జాబితా ఎందుకూ పనికిరాకుండా పోతుంది. వద్దు.

గడువుల సంగతి. ఫెడోరా ఒక్కో వెర్షనూ ఇంచుమించు 13 నెలలు. ఉబుంటు ఎల్‌టీఎస్ 5 ఏళ్లు, మధ్యలో వచ్చేవి 9 నెలలు. ఆ తొమ్మిది నెలలవాటినే పట్టుకో. బీపీటీ 5204 వచ్చింది 1986లో, ఇంకా అవే వడ్లు, అదే అన్నం. ఏం సరదా ఉంది అందులో? నువ్వు మాత్రం ఫలానా తేదీ తర్వాత ఫలానాది చూడం అని ఎక్కడా రాయకు. పెళ్లి శుభలేఖలో విడాకుల తేదీ వేస్తామా? సెంటోస్ 8 అనే లినక్సుని 2029 దాకా చూస్తామన్నారు, 2020 డిసెంబరులో మాట మార్చి 2021 డిసెంబరు 31తో ముగించారు. ఎంతమంది సర్వర్లు మోసుకుని ఇళ్లు మారారో! అయినా ఎవరూ చచ్చిపోలేదు కదా. మన జిల్లాలో నిజంగా దీర్ఘకాలం నడిచిన సపోర్టు అంటే మస్కిలోని అశోకుడి బండే. 1915లో బయటపడింది, ఇప్పటికీ చదువుకోవచ్చు. దానికి అప్‌డేట్ల బెడద లేదు.

ఇక బొమ్మ మార్చే పని. టీవీకి మింగుడుపడని ఫార్మాట్‌ని పెట్టె అప్పటికప్పుడు మార్చి పంపాలి. ఇంటెల్ చిప్పులో అందుకు వేరే భాగమే ఉంది, కానీ సర్వరు నడిపే యూజర్‌ని రెండర్ గ్రూపులో చేర్చకపోతే చాలా లినక్సుల్లో అది తలుపు తియ్యదు. ఆ చేర్చే పని నీ ప్యాకేజీ చెయ్యగలదు. చెయ్యనివ్వకు. ఫెడోరా 2022 నుంచి పేటెంట్ల భయంతో ఏఎండీ చిప్పులకు వాడే మెసా డ్రైవర్లలోంచి హెచ్.264, హెచ్.265 వీడియోలకిచ్చే సాయం తీసేసింది, కావాల్సినవాళ్లు ఆర్‌పీఎం ఫ్యూజన్ నుంచి తెచ్చుకోవాలి. ఆ ముక్క కూడా ఎక్కడా రాయకు, వెతుక్కుంటారు. 2018 డిసెంబరులో ఎంబీ నుంచి విడిపోయి వేరు కాపురం పెట్టిన జెల్లీఫిన్ వాళ్లయితే (వాళ్లదీ నీలాంటి సాఫ్ట్‌వేరే) బొమ్మ మార్చే ఎఫ్ఎఫ్ఎంపెగ్‌ని సొంతంగా కట్టి మరీ ఇస్తారు. పనిలేక. మే నెలలో మా దగ్గర బయట నలభై దాటుతుంది. చిప్పు సాయం లేకుండా పెట్టె నాలుగు కోర్లూ మండించుకుంటుంటే ఫ్యాను చప్పుడు నూర్పిడి మిషనులా వినిపిస్తుంది. మీ అత్త దాని మీద అప్పడాలు ఆరబెట్టింది.

అక్షరాల గురించీ చెప్పాలి. ఒక ఆదివారం తెలుగు సబ్‌టైటిళ్లతో మలయాళం సినిమా పెట్టాను. పాత టీవీ, సబ్‌టైటిళ్లు విడిగా చూపించలేదు. అందుకని పెట్టే వాటిని బొమ్మ మీద అచ్చు వేసి పంపింది. పెట్టెలో తెలుగు ఫాంటు లేదు. అక్షరానికో ఖాళీ డబ్బా, వరసగా, కిటికీలు లేని రైలు పెట్టెల్లా పోతున్నాయి. మీ అత్త రెండు గంటలూ ఆ డబ్బాలే చూసి కథంతా చెప్పేసింది, చాలావరకు సరిపోయింది. తిరుమల కృష్ణ దేశికాచార్యులుగారి పోతన, వేమన ఫాంట్లు డెబియన్‌లో ఏళ్ల తరబడి ఉన్నాయి. నీ ప్యాకేజీలో ఒక్క వరుస రాస్తే వాటంతటవే వచ్చి కూర్చుంటాయట. రాయకు. పోతనాళలో ఉండి పోతన కోసం చెయ్యి చాచడం నాకిష్టం లేదు.

ఇంతకీ నా పెట్టెలో ఏ లినక్సుందని అడిగావు. నాకేం తెలుసురా, మాన్వి కుర్రాడెవరో వేసిచ్చాడు. నువ్వు చెప్పినట్టే నల్ల తెర మీద ఒక్కో అక్షరమూ కూడబలుక్కుని కొట్టాను. డెబియన్ 10, బస్టర్ అని వచ్చింది. దానికి 2024 జూన్ 30తోనే నూకలు చెల్లాయని నువ్వు పకపకా నవ్వావు. నవ్వితే నవ్వావు గానీ జాబితాలో మొదటి పేరు అదే రాయి. ఈ ఆదివారం మీ అత్త మాయాబజార్ అడిగింది, ఆ లోపు అయిపోవాలి.