ఆసా రాజు కాళ్లు, నా కాళ్లు

బైబిలు చదవనివాడు తెలివితక్కువ పని చేస్తుంటే ఎవరైనా నాలుగు చివాట్లు పెడితే మానుకుంటాడు. చదివినవాడితో అలా కుదరదు. వాడి దగ్గర వచనం ఉంటుంది. షుగర్ బిళ్లలు మానేసిన రోజుల్లో నా దగ్గరున్న వచనం దినవృత్తాంతముల రెండవ గ్రంథం పదహారో అధ్యాయంలోది. యూదా రాజు ఆసాకి కాళ్లలో జబ్బు చేసింది. జబ్బు ముదిరినా దేవుణ్ణి అడక్కుండా వైద్యుల్నే పట్టుకుని వేలాడాడు. చివరికి పోయాడు. మా ఆవిడ బిళ్లల డబ్బా తెచ్చి ముందు పెట్టినప్పుడల్లా ఈ ఆసాని తీసి అడ్డం పెట్టేవాణ్ణి.

మా ఆవిడ స్టాఫ్ నర్సుగా చేసి రిటైరయింది. షుగర్ పుండ్లకి కట్లు కట్టడంలోనే ఆవిడ సర్వీసు సగం గడిచింది. నా ప్రసంగం అయ్యేదాకా ఓపిగ్గా ఆగి, "ఏమండీ, ఆసా కాళ్ల సంగతి తర్వాత. ముందు మీ కాళ్లు ఇలా చాపండి, చూస్తాను" అనేది. నేను చాపేవాణ్ణి కాదు. విశ్వాసి కాళ్లు తనిఖీ చేయడమేమిటని నా ఉక్రోషం.

దీనికి ముందు ఒక కార్డు కథ ఉంది. డిసెంబరు 31 రాత్రి ఆరాధనకి వెళ్లేవాళ్లకి కొత్తగా చెప్పక్కర్లేదు. పన్నెండు దాటాక పళ్లెంలో వాగ్దానం కార్డులు బోర్లించి తెస్తారు. కళ్లు మూసుకుని ఒకటి తీసుకోవాలి. ఏడాదంతా అది మన వచనం. ఆ ఏడు నాకొచ్చింది నిర్గమకాండం 15:26. నిన్ను బాగుచేసేవాణ్ణి నేనే అని దేవుడు అనే మాట, పక్కన గులాబీ పువ్వు బొమ్మ. పదేళ్లు దాటిన షుగర్ రోగికి ఆ కార్డు వస్తే ఏమవుతుందో ఊహించుకోండి. పర్సులో పెట్టుకున్నాను. నిజానికి ఆ వచనం ముందు సగం షరతులతో నిండి ఉంటుంది, అదేమో కార్డు మీద లేదు. పైగా ఆ మాట వచ్చిన చోటు మారా. నీళ్లు చేదుగా ఉంటే దేవుడు మోషేకి ఒక చెట్టు చూపించాడు, దాన్ని నీళ్లలో వేశాకే అవి తియ్యగా మారాయి. అంతటి దేవుడూ అక్కడ ఒక చెట్టుని వాడుకున్నాడు. ఆ చెట్టు కూడా కార్డు మీద లేదు.

ఆ వేసవిలో మా ఊళ్లో స్వస్థత కూటాలు పెట్టారు. వచ్చిన ప్రసంగీకుడు షుగరున్నవాళ్లు చేతులెత్తమన్నాడు. వరసలో నిలబెట్టి నుదుటి మీద నూనె రాశాడు. నా దగ్గరికొచ్చి, "పోయింది బ్రదర్, నమ్మితే పోయింది, అనుమానిస్తే తిరిగొస్తుంది" అన్నాడు. నేను ఉద్యోగమంతా ఫైళ్లు రాసి బతికినవాణ్ణి. రోగం పోతే ఘనత ఆయనది, పోకపోతే తప్పు నాది అనే షరతున్న కాగితం ఆఫీసులో నా బల్ల మీదికొస్తే సంతకం పెట్టేవాణ్ణి కాదు. అక్కడ మాత్రం చేతులెత్తి ఆమేన్ అన్నాను.

తర్వాత చేసిన పని రాయడానికి కొంచెం కష్టంగా ఉంది. శుక్రవారం రాత్రి దాకా బిళ్లలు వేసుకున్నాను. శనివారం ఉపవాసం ఉన్నాను. ఆదివారం పొద్దున్నే పరగడుపున మీటరులో చూస్తే 108 వచ్చింది. ముందురోజంతా అన్నం ముట్టని మనిషికి, మందు ప్రభావం ఇంకా ఒంట్లో ఉన్న మనిషికి 108 రావడం అద్భుతమేమీ కాదని నర్సు మొగుడికి తెలియదా? తెలుసు. తెలిసే మైకు దగ్గరికి వెళ్లి సాక్ష్యం చెప్పాను. అంకె చెప్పాను, ఉపవాసం మాట మింగేశాను. గుడంతా చప్పట్లు. సాయంత్రం దాకా ఫోన్లు. అన్నా, మా కోసం ప్రార్థన చెయ్యండి అని అడిగినవాళ్లలో అంతకుముందు నన్ను కన్నెత్తి చూడనివాళ్లు కూడా ఉన్నారు. ఆ రుచి షుగరు కన్నా ప్రమాదం.

సాక్ష్యం చెప్పాక బిళ్ల మింగడానికి దారి మూసుకుపోయింది. నోరు ఎండిపోయేది, రాత్రి ఎన్నోసార్లు లేచేవాణ్ణి, ప్యాంటు నడుం దగ్గర వదులైంది. అన్నీ సాతాను శోధన కింద రాసుకున్నాను. మీటరు వైపు చూడటమే అవిశ్వాసమని దాన్ని బీరువాలో పడేశాను. ఉపవాసాలు పెంచాను. దేవుడితో చీటీ కట్టినట్టే: నేను వాయిదాలు తప్పకుండా కడుతున్నాను కదా, పాట నాకెందుకు రాదు? అని లోపల ఒక రకం దబాయింపు.

ఒక రోజు సంతకెళ్లి వచ్చి వరండాలో కూర్చున్నాను. మా ఆవిడ లోపలినుంచి వస్తూ ఆగిపోయింది. గడప దగ్గర్నుంచి నా కుర్చీ దాకా గచ్చు మీద ఎర్రటి మరకలు, అడుగడుక్కీ ఒకటి. చెప్పు విప్పమంది. కుట్టించిన చెప్పు అడుగునుంచి మేకు పైకి పొడుచుకొచ్చి, కుడికాలి చిటికెన వేలి కింద దిగి ఉంది. సంతంతా దాని మీదే నడిచాను. ఏమీ తెలియలేదు. ఆవిడ మేకు బయటికి లాగుతుంటే నేను, ఎవరి కాలో చూస్తున్నట్టు, చూస్తూ కూర్చున్నాను. నొప్పి ఉంటే భయం తక్కువగా ఉండేదేమో.

ఆసుపత్రిలో షుగరు 386. డాక్టరు చిన్నవాడు, మా అబ్బాయి వయసు. "మందులు ఎప్పుడు ఆపేశారండీ?" అని అడిగాడు. "ఆపలేదండీ, అప్పుడప్పుడు మర్చిపోతుంటాను" అన్నాను. గుళ్లో దేవుడి పేరు చెప్పి అబద్ధమాడాను, ఆసుపత్రిలో దేవుడి పేరు చెప్పడానికి సిగ్గుపడి ఇంకో అబద్ధమాడాను. అంత గొప్ప విశ్వాసం తెల్లకోటు ముందు ఒక్క నిమిషం నిలబడలేదు. మా ఆవిడ పక్కనే ఉంది, నోరు విప్పలేదు. రెండు వారాలు కట్లు మార్చినా వేలు నల్లబడింది. తీసేశారు.

మంచం మీద పడుకుని ఆసా అధ్యాయాన్ని మొదటి వచనం నుంచి చదివాను. నేను వాడిన ముక్క పన్నెండో వచనం. దానికి ముందు కథ వేరే ఉంది. ఇశ్రాయేలు రాజు బయెషా మీదికొస్తున్నాడని ఆసా దేవుని మందిరపు వెండి బంగారాలు ఊడ్చి సిరియా రాజు బెన్హదదుకి పంపించాడు. ఇది తప్పని హనానీ ప్రవక్త మొహం మీద చెబితే ఆయన్ని బందీఖానాలో వేశాడు. కాళ్ల జబ్బు ఆ తర్వాత సంగతి. అసలు గొడవ వైద్యులది కాదు, నిజం చెప్పేవాడి నోరు మూయించడం. ఆ లెక్కన మా ఇంట్లో ఆసాని నేనే. హనానీ ఎవరో చెప్పక్కర్లేదు. అదే బైబిల్లో చావు జబ్బు చేసిన హిజ్కియా రాజు కూడా ఉన్నాడు. పదిహేనేళ్ల ఆయుష్షు ఇస్తున్నానని దేవుడు స్వయంగా మాటిచ్చాక కూడా యెషయా ప్రవక్త అంజూరపు పండ్ల ముద్ద తెప్పించి పుండు మీద కట్టించాడు. వాగ్దానమూ ఉంది, కట్టూ ఉంది. తనతో తిరిగే త్రోఫిము జబ్బుగా ఉంటే పౌలు మిలేతులో వదిలిపెట్టి వెళ్లాల్సొచ్చింది, వాళ్లలో ఎవరికి విశ్వాసం తక్కువ? ఇవన్నీ ఎన్నోసార్లు చదివినవే. అవసరం లేని వచనాలు కంటికి ఆనవు.

ఇంకా నవ్వొచ్చే సంగతి, నేను పుట్టింది గుంటూరు లూథరన్ సంఘంలో. మా దగ్గరికి సువార్త తెచ్చిన ఫాదర్ హయ్యర్ 1842 జులై 31న గుంటూరు వచ్చాడు. కొన్నేళ్లుండి అమెరికా వెళ్లినప్పుడు ఆయన విశ్రాంతి తీసుకోలేదు. యాభై దాటిన వయసులో బాల్టిమోరులో వైద్యం చదివి, డాక్టరు పట్టాతో 1848లో మళ్లీ వచ్చాడు. 1883లో వచ్చిన అన్నా కుగ్లర్ డాక్టరమ్మ 1898లో ఆసుపత్రి తెరిచింది. మా అమ్మ పుట్టింది ఆ కుగ్లర్ ఆసుపత్రిలోనే. వాళ్లు ప్రార్థన చేసేవాళ్లు, మందూ ఇచ్చేవాళ్లు. ఇంకా వెనక్కి వెళ్తే, 1527లో విట్టెన్‌బర్గులో ప్లేగు వచ్చినప్పుడు లూథరు ఊరు వదలకుండా రోగుల మధ్యే ఉన్నాడు. అదే ఏడు ఒక పాస్టరుకి జాబు రాస్తూ, దేవుడు ఇచ్చిన మందుల్ని వద్దని తోసేవాళ్లు దేవుణ్ణి నమ్మడం లేదు, శోధిస్తున్నారు అని తేల్చాడు. ఇన్ని తరాల పెద్దల్ని పక్కనపెట్టి, పేరు కూడా సరిగ్గా గుర్తులేని ఒక ప్రసంగీకుడి మాట పట్టుకున్నాను.

శోధించడం అంటే ఏమిటో మత్తయి సువార్త నాలుగో అధ్యాయంలో ఉంది. దేవాలయ శిఖరం మీద సాతాను యేసుని కిందికి దూకమంటాడు. ఊరికే అనడు, మన ఇళ్లలో గోడలకి వేలాడే 91వ కీర్తన వల్లిస్తాడు. యేసు జవాబుగా ద్వితీయోపదేశకాండంలోంచి మస్సా సంగతి తీస్తాడు. ఎడారిలో దాహమేసినప్పుడు జనం, దేవుడు మన మధ్య ఉన్నాడా లేడా, ఇప్పుడే తేలాలని పట్టుబట్టిన చోటు అది. నేను శిఖరం ఎక్కలేదు గానీ, ఉంటే చూపించు అని రోజూ పొద్దున్నే దేవుడితో పందెం వేశాను. నమ్మినవాడికి పందెంతో పనేముంది? మా ఆవిడ వంట తినేముందు విషం కలిపిందేమోనని నేను పరీక్ష పెట్టను కదా.

వేలు పోయిన నా కాలి కంటే నన్ను ఎక్కువ బాధపెట్టింది వేరే ఉంది. మా సంఘంలో ఒక పెద్దమ్మ ఉంది. భర్త పోయాక గుడే ఇల్లుగా బతికే మనిషి. నా సాక్ష్యం విన్న వారంలోనే తన బీపీ బిళ్లలు ఆపేసింది. ఆ సంగతి నాకు తెలియదు. నేను ఆసుపత్రి నుంచి వచ్చాక వాళ్లమ్మాయి వచ్చి చెప్పింది, అమ్మకి పక్షవాతం వచ్చింది, ఎడమ చెయ్యి లేవడం లేదని. తిట్టలేదు. మీరు వచ్చి బిళ్లలు వేసుకోమని చెప్పండి, మీరు చెబితేనే వింటుందట అంది.

కర్ర పట్టుకుని వెళ్లాను. పెద్దమ్మ మంచం మీద ఒత్తిగిలి పడుకుని ఉంది. మాట కొంచెం ముద్దగా వస్తోంది. ఆదివారం నాడు నేను చెప్పింది అబద్ధమని, ఉపవాసం సంగతి దాచానని చెప్పాను. ఆవిడ చాలాసేపు నన్నే చూసింది. "నువ్వు చెప్పావని కాదులే నాయనా, నాకే విసుగొచ్చింది ఆ బిళ్లలతో" అంది. నా తప్పుని తన మీద వేసుకుంటోందని తెలుస్తూనే ఉంది. తర్వాత కుడిచేత్తో నా కట్టు తడిమి, నొప్పిగా ఉందా అని అడిగింది. దానికీ జవాబు చెప్పలేకపోయాను. ఆ రోజు మధ్యాహ్నం బిళ్ల వేసుకుంది. నేను ఎదురుగా కూర్చుని నాది వేసుకున్నాను.

నమ్మకం గురించి ఇప్పుడు నాకు తెలిసింది కొంచెమే. దానియేలు గ్రంథంలో ఆ ముగ్గురు కుర్రాళ్లు, షద్రకు, మేషాకు, అబేద్నెగో, తన ప్రతిమకి మొక్కకపోతే అగ్నిగుండంలో వేస్తానన్న రాజుతో రెండు ముక్కలు చెప్పారు. మా దేవుడు మమ్మల్ని కాపాడగలడు. కాపాడకపోయినా సరే, నీ ప్రతిమకి మొక్కం. నేను మొదటి ముక్కతోనే సాక్ష్యం ముగించాను. 'కాపాడకపోయినా' అన్న మాట నా ప్రార్థనలో ఏనాడూ లేదు. రోగం పోకపోతే దేవుడితో నా సంబంధం ఏమవుతుందో ఆలోచించడానికి భయపడ్డాను, ఆ భయానికి విశ్వాసమని పేరు పెట్టుకున్నాను. ఇప్పుడు పొద్దున బిళ్ల చేతిలోకి తీసుకున్నప్పుడు ప్రార్థన చేస్తాను. షుగరు తగ్గించమనీ అడుగుతాను, ఎందుకు అడగకూడదు? కానీ మీటరులో వచ్చిన అంకెని బట్టి దేవుడికి మార్కులు వేయడం మానేశాను. మా ఆవిడ కాళ్లు చాపమంటే చాపుతున్నాను. రోజూ రాత్రి అద్దం పెట్టి అరికాళ్లు చూస్తుంది, వేళ్ల సందులు తుడుస్తుంది. ఆవిడ చేతుల్లో కాలు పెట్టి ఊరుకోవడం అలవాటు కావడానికి చాలా రోజులు పట్టింది.

మొదటి సాక్ష్యం చెప్పిన మైకులోనే రెండోదీ చెబుతానని మా పాస్టరు అయ్యగారిని అడిగాను. ఆయన మంచివాడే, కాస్త నసిగి, "జనం విశ్వాసం దెబ్బతింటుందేమో, చూద్దాం లెండి" అన్నారు. మళ్లీ అడిగాను, మళ్లీ చూద్దామన్నారు. ఇంకా చూస్తూనే ఉన్నారు. అందుకని ఇక్కడ రాస్తున్నాను. నా సాక్ష్యం విని ఇంకెవరైనా బీపీకో షుగరుకో ఫిట్స్‌కో మందులు ఆపి ఉంటే, దయచేసి ఈ రోజే డాక్టరు దగ్గరికి వెళ్లండి. ఎన్నాళ్లుగా ఆపారని అడిగితే నిజం చెప్పండి.