కొమ్ముల్లేని డబ్బా

విజయవాడ వన్‌టౌన్‌లో ఒక హోల్‌సేల్ చీరల కొట్టు. లోపలికి రాగానే పరుపులు, వాటి మీద తెల్ల దుప్పట్లు, మూడు పక్కలా ఇనుప ర్యాకులు. అక్కడ నిలబడి పైకి చూస్తే సీలింగుకి అతుక్కుని, చిన్న నీలం లైటుతో తెల్లగా గుండ్రంగా కనిపించేది నేనే. వైఫై యాక్సెస్ పాయింటుని. కొట్లో ఎవరికీ అంత పొడుగు పేరు పలికే తీరిక లేదు, "పైన డబ్బా" అంటారు.

నాకు ముందు ఇక్కడ ఫైబర్ కనెక్షనుతో పాటు వచ్చిన పెట్టె ఒక్కటే ఉండేది. ఇంటర్నెట్టు తేవడం, పంచడం, వైఫై ఇవ్వడం అన్నీ దాని నెత్తినే. పాపం, దాన్ని ఇనుప గల్లాపెట్టె వెనకాల కూర్చోబెట్టారు. కింద బిల్లులు ఎలాగో పడేవి. తిప్పలన్నీ మేడ మీద పట్టు సెక్షన్లోనే. షావుకారు గారి కోడలు అక్కణ్ణుంచే వీడియోలో చీరలు చూపిస్తుంది. తణుకు, అమలాపురం రిటైలు కొట్లవాళ్లు చూస్తారు, డాలస్‌లో ఉన్న మనవాళ్లూ చూస్తారు. "పల్లూ ఒకసారి దగ్గరగా చూపించమ్మా" అని అవతల అడిగేసరికి బొమ్మ బిగుసుకుపోయేది. స్పీడు చాలట్లేదని ప్లాను పెంచారు. నెలనెలా బిల్లు పెరిగింది గానీ పల్లూ మాత్రం కదల్లేదు. కౌంటరు దాకా లైను శుభ్రంగానే వస్తోంది మరి, ఇబ్బందంతా అక్కణ్ణుంచి మేడ మీదికున్న ముప్పై అడుగుల్లో ఉంది.

నన్ను ఎంచిన టెక్నీషియన్ కుర్రాడు మొదట వచ్చినప్పుడు చేతిలో ఏ డబ్బా లేదు. ఫోనులో సిగ్నల్ కొలిచే యాప్ తెరిచి కొట్టంతా తిరిగాడు. శ్రావణ మాసంలో ఒకేసారి ఎంతమంది కూర్చుంటారు, బిల్లింగు కంప్యూటర్లెన్ని, కెమెరాలకి వైరుందా లేదా అని ఆరా తీశాడు. "ఖాళీ కొట్లో కొలిస్తే లాభం లేదు సార్, రద్దీలో మళ్లీ వస్తా" అన్నాడు. ఆ మాటతో వాడికి పని తెలుసని అర్థమైపోయింది. మనిషి ఒంట్లో సగానికి పైగా నీళ్లే, నీళ్లు నా తరంగాల్ని పీల్చేస్తాయి. చీరల మూటలు ఎన్ని పేర్చినా బట్టలోంచి దూరిపోతాను. ఇనుప ర్యాకు దగ్గర మాత్రం ఆగిపోతాను. నిలువుటద్దం వెనక ఉండే లోహపు పూత నన్ను వెనక్కి తోసేస్తుంది. మేడకీ కిందకీ మధ్య ఇనుప చువ్వల శ్లాబు సరేసరి.

నన్ను అట్టపెట్టెలోంచి తీయగానే షావుకారు గారు అటూ ఇటూ తిప్పి పెదవి విరిచారు. "ఏం బాబూ, మా ఇంట్లోదానికి నాలుగు కొమ్ములున్నాయి. దీనికి ఒక్కటీ లేదే!"

"లోపలే ఉంటాయి సార్."

"పోనీ, ఇలాంటివి మూడు తెచ్చే బదులు బాగా పవరున్నది ఒక్కటి కొంటే పోలా?"

"ఇది ఎంత గట్టిగా అరిచినా ఫోను గొంతు చిన్నదే కద సార్. దాని జవాబు దీనికి వినపడాలిగా."

అలా మేం ముగ్గురం వచ్చాం. కింద నేను, మేడ మీద ఒకడు, వెనక గోడౌనులో ఒకడు. గోడౌనులో వాడికి కూడా కేబులే వేశారు. చవకగా పోతుందని రిపీటర్ పెట్టి ఉంటే, అది విన్నదాన్నే అదే గాలిలో మళ్లీ చెప్పాలి కాబట్టి ఉన్న వేగంలో సగం పోయేది.

అట్టపెట్టె మీద అంకెల సంగతి కూడా నా నోటితోనే చెప్తాను. 1200 అని రాసి ఉంటే, రెండు బ్యాండ్ల లెక్కలు, ఒకటి 300, ఇంకోటి 867, కలిపి పైకి సరిచేసి రాసిందన్నమాట. ఏ ఫోనుకీ అంత రాదు. కొట్టుకి కావలసిన లెక్క వేరే ఉంది. నలభై ఫోన్లు ఒక్కసారి మీద పడితే బిల్లింగు కంప్యూటర్ ఎంతసేపు ఆగాలి?

గాలి అందరిదీ ఒక్కటే. ఒక చానెల్‌లో ఒకరు మాట్లాడుతుంటే మిగతావాళ్లు ఆగాలి. ఇద్దరు ఒకేసారి నోరు తెరిస్తే మాటలు గుద్దుకుంటాయి. అప్పుడు ఇద్దరూ తలో కొంత సేపు తగ్గి మళ్లీ మొదలెడతారు. ఇది మా పెద్దల నాటి మర్యాద. 1971లో హవాయి విశ్వవిద్యాలయంలో నార్మన్ ఏబ్రమ్‌సన్ బృందం దీవుల మధ్య కంప్యూటర్లని రేడియోతో కలుపుతూ అలోహానెట్ నడిపినప్పుడు మొదలైంది. దానికి మావాళ్లు "ముందు విను, తర్వాత మాట్లాడు" అని ఇంకో నియమం చేర్చుకున్నారు. ఈ కొట్లో ఒక ముసలి లేబుల్ ప్రింటర్ ఉండేది. 1999 నాటి పద్ధతిలో, సెకనుకి 11 మెగాబిట్లకి మించి మాట్లాడలేదు. రేషను షాపు క్యూలో ముందున్నాయన సంచీ విప్పి చిల్లర లెక్కపెడుతుంటే వెనకవాళ్లు ఏం చేయగలరు? కుర్రాడు దానికి వైరు తగిలించి గాలిలోంచి తప్పించాడు. నేను వైఫై 6 తరం దాన్ని. చిన్న చిన్న మాటలవాళ్లని ఒకే దఫాలో కూర్చోబెట్టగలను, వాళ్లదీ అదే తరం అయితేనే.

ఇరుగుపొరుగు గోల వేరే. 2.4 గిగాహెర్ట్జ్‌లో ఒకదాని మీద ఒకటి పడని చానెళ్లు మూడే, 1, 6, 11. పక్క కొట్టువాళ్లది 3 మీద ఉంది. అటు 1 వాళ్లకీ ఇటు 6 వాళ్లకీ మనశ్శాంతి లేదు. అందుకే నేను ఎక్కువగా 5 గిగాహెర్ట్జ్‌లోనే బతుకుతాను. మన దేశంలో 2018లో అందులో చాలా భాగాన్ని లైసెన్సు లేకుండా వాడుకోనిచ్చారు. అక్కడ చోటెక్కువ. గోడలు దాటే బలం మాత్రం తక్కువ, ముగ్గురం కావలసి రావడానికి అదీ ఒక కారణం.

ఇంత చూసి తెచ్చినా మొదట్లో నాకు చెడ్డపేరే వచ్చింది. సాయంత్రం బేరాలు ఊపందుకోగానే నా లైటు ఆరేది. రెండు నిమిషాలకి మళ్లీ లేచేదాన్ని. "కొమ్ముల్లేని డబ్బా అని ఆనాడే అన్నా" అని షావుకారు గారు. కుర్రాడు నిచ్చెనేసి పైకొచ్చి, నన్ను వదిలేసి కేబుల్ పట్టుకున్నాడు. అంతకుముందు ఎవరో వేసి వదిలేసిన పాత కేబుల్నే నాకు తగిలించారు. చివర కత్తిరించి, లోపలి తీగని బ్లేడుతో గీకాడు. పైన ఎర్రగా రాగి పొర, లోపల తెల్లగా మెరిసింది. "అల్యూమినియం సార్. పైన పూతే రాగి."

నాకు కరెంటు కూడా ఆ కేబుల్లోంచే వస్తుంది. కేబుల్ అవతలి కొసనున్న నెట్‌వర్క్ స్విచ్ దగ్గర 15.4 వాట్లు బయల్దేరితే నా దగ్గరికి 12.95 చేరాలని ప్రమాణం, దారిలో కొంత పోతుందని ముందే లెక్కగట్టారు. ఆ లెక్క అసలు రాగికి. అల్యూమినియం తీగకి నిరోధం ఎక్కువ. జనం పెరిగి నేను ఎక్కువ కరెంటు లాగినప్పుడల్లా నా దగ్గర ఓల్టేజీ పడిపోయేది, నేనూ పడిపోయేదాన్ని. నూరు శాతం రాగి క్యాట్ 6 లాగాక మళ్లీ పడలేదు. ఫైబర్ పెట్టె, నాకు కరెంటిచ్చే స్విచ్, రెండింటినీ యూపీఎస్ మీద పెట్టారు కాబట్టి కరెంటు పోయినా బిల్లు ఆగదు.

నన్ను అటక మీద పెడితే కనపడకుండా ఉంటుందని కోడలు గారు అన్నారు. పైన రేకులు, మేలో బెజవాడ ఎండ. నా కాయితంలో 40 డిగ్రీల దాకానే అని రాసుంది. కుర్రాడు ఒప్పుకోలేదు, నా అదృష్టం.

బేరానికొచ్చి టీ తాగుతూ "అన్నా, వైఫై పాస్‌వర్డ్ ఏంటి?" అనేవాళ్లకి నా దగ్గర వేరే పేరుతో ఇంకో నెట్‌వర్క్ ఉంది. దాంట్లోంచి బిల్లింగు కంప్యూటర్ కనపడదు. ఇలా వేరు చేయడం, వైఫైకి తాళం వేయడం చాదస్తం కాదు. 2008 జులైలో అహ్మదాబాద్ పేలుళ్లకి ముందు వచ్చిన బెదిరింపు ఈమెయిల్‌ని నవీ ముంబయిలో తాళం లేని ఒక వైఫైలోంచి పంపారు. పోలీసులు ముందు ఆ వైఫై పెట్టుకున్న మనిషి ఇంటికే వెళ్లారు. డబ్బాలోకే దూరే దొంగలూ ఉన్నారు. 2018లో వీపీఎన్‌ఫిల్టర్ అనే మాల్‌వేర్ 54 దేశాల్లో కనీసం 5 లక్షల రౌటర్లు, స్టోరేజీ పెట్టెల్లోకి దూరింది. పాత సాఫ్ట్‌వేర్, మార్చని పాస్‌వర్డ్ ఉన్న పెట్టెలు ఇలాంటివాటికి సులువుగా దొరుకుతాయి.

మాలో ఎవరినైనా కొనబోతుంటే ధర అడిగిన నోటితోనే ఇంకో రెండు అడగండి. ఏటా లైసెన్సు కట్టాలా? కొన్ని రకాలు కట్టకపోతే పనే ఆపేస్తాయి. భద్రతా అప్‌డేట్లు ఏ సంవత్సరం దాకా ఇస్తారు? జవాబు చెప్పడానికి నసిగితే పక్క కొట్టుకి వెళ్లండి. నాకూ ఒక గడువుంది. నా కంపెనీ అప్‌డేట్లు ఆపేసిన రోజున, నీలం లైటు వెలుగుతున్నా, బిల్లులు పడుతున్నా, నన్ను కిందికి దించేయండి.