ఐదు వేల శాసనం

సూర్యుడు తూర్పున ఉదయిస్తాడు, నీళ్లు పల్లానికి పారతాయి, కారు ఇంజన్ ఆయిల్ ఐదు వేల కిలోమీటర్లకు చచ్చిపోతుంది. మొదటి రెండింటి మీద మీరు ఎంతైనా వాదించుకోవచ్చు. మూడోదాన్ని శంకించారో, పెద్దలు ఊరుకోరు. "కొత్త బండి కొన్నావు, సంతోషం. ఆయిల్ మాత్రం ఐదు వేలకోసారి మార్పించరా" అని మేనమామ చెబుతాడు. పక్క ఫ్లాటాయన చెబుతాడు. టైర్లలో గాలి కొట్టే కుర్రాడూ చెబుతాడు. ఆ మాట చెప్పనిది ఒక్క కారు కంపెనీయే. పాపం, దానికేం తెలుసు! ఇంజన్ తయారుచేసింది, అంతేగా.

తనకు తెలిసిన నాలుగు ముక్కలూ ఆ కంపెనీ ఒక పుస్తకంగా అచ్చేసి, కారుతో పాటే ఇస్తుంది. మనం షోరూము ముందు కొబ్బరికాయ కొట్టి, చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించి, బండిని ఇంటికి తెచ్చుకుంటాం. పుస్తకం మాత్రం ప్లాస్టిక్ కవరులోంచి బయటికి రాదు. ఏడేళ్ల తర్వాత బండి అమ్మేటప్పుడు "మాన్యువల్ కొత్తదానిలా ఉందండీ" అని బేరం పెంచుకోవడానికి పనికొస్తుంది. అందులో ఉన్నదేమో ఇది: మామూలు వాడకంలో మారుతి, హ్యుందాయ్, టయోటాల పెట్రోలు కార్లలో చాలావాటికి 10,000 కిలోమీటర్లు లేదా ఏడాది, ఏది ముందయితే అది. స్కోడా, ఫోక్స్‌వ్యాగన్ కార్లకు 15,000 కిలోమీటర్లు లేదా ఏడాది. లక్షలు పోసి కొన్న కారు విషయంలో దాన్ని చేసిన ఇంజనీరు మాట కంటే మేనమామ మాటకే విలువ ఎక్కువ. మేనమామ కట్నకానుకల దగ్గర్నుంచి క్లచ్ ప్లేట్ల దాకా అన్నీ తెలిసినవాడు మరి.

అనుమానం తీరనివాళ్లకు షెడ్డులో పరీక్ష ఉంది. మెకానిక్ డిప్‌స్టిక్ లాగుతాడు. కొనకు అంటిన ఆయిల్‌ని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య రుద్దుతాడు. వాసన చూస్తాడు. ఓ క్షణం మౌనం పాటించి, "నల్లగా అయిపోయింది సార్" అంటాడు. ఆ ఒక్క మాటకు ఎంతటి సాఫ్ట్‌వేర్ ఇంజనీరైనా తల వంచి జేబులోంచి ఫోన్ తీసి స్కాన్ చేయాల్సిందే. నల్లబడటమే ఆ ఆయిల్ చేయాల్సిన పని అని ఎవరూ అడ్డుపడరు. ఇంజన్‌లో పుట్టే మసిని లోపలి భాగాలకు అంటుకోనీయకుండా పట్టి ఉంచడానికే అందులో డిటర్జెంటు, డిస్పర్సెంటు రసాయనాలు కలుపుతారు. ఇల్లు తుడిచిన గుడ్డ మాసిందంటే గుడ్డ పని చేసిందనే అర్థం. డీజిల్ కారులో కొత్త ఆయిల్ కొన్ని వందల కిలోమీటర్లకే నల్లబడుతుంది. రంగే ప్రమాణమైతే డీజిల్ బండి యజమాని నెలకు రెండుసార్లు షెడ్డు ముందు క్యూ కట్టాలి. ఆయిల్ సత్తువ నిజంగా ఎంత మిగిలిందో తేలేది దాని చిక్కదనం, ఆమ్లాలను అణచే శక్తి, అందులో కలిసిన ఇంధనం, లోహపు రజను కొలిస్తే. అవేవీ రెండు వేళ్ల మధ్య తేలేవి కావు.

ఐదు వేల శాసనానికి ఒకప్పుడు అర్థం లేకపోలేదు. అంబాసిడర్, ప్రీమియర్ పద్మిని రోజుల్లో పొద్దున్నే చోక్ లాగితే కార్బురేటర్ అవసరానికి మించి పెట్రోలు తాగించేది. అందులో కొంత సిలిండర్ గోడల వెంట జారి కింద ఆయిల్‌లో కలిసేది. ఇంధనంలో గంధకం ఎక్కువ, అది కాలి ఆమ్లాలు పుట్టేవి. ఆయిల్ కూడా సాదాసీదా మినరల్ ఆయిల్. ఇప్పుడు కార్బురేటర్ పోయింది, కొలిచి చల్లే ఫ్యూయల్ ఇంజెక్షన్ వచ్చింది. 2020 ఏప్రిల్ 1న బీఎస్-6 రావడంతో ఇంధనంలో గంధకం పరిమితి 50 పీపీఎం నుంచి 10కి దిగింది. అదే ఏడు, ఇంజన్ ఆయిళ్లకు నాణ్యతా శ్రేణులు నిర్ణయించే ఏపీఐ వారి కొత్త ఎస్‌పీ శ్రేణి ఆయిల్ మార్కెట్లోకొచ్చింది. అంబాసిడర్ తయారీ 2014లోనే ఆగిపోయింది. దాని ఆయిల్ నియమం మాత్రం ఇంకా రోడ్ల మీద తిరుగుతూనే ఉంది.

ఈ జాడ్యం మనదొక్కటే అనుకుని చిన్నబుచ్చుకోనక్కర్లేదు. అమెరికావాళ్లకు మూడు వేల మైళ్ల శాసనం ఉంది. లెక్కేస్తే అది మన ఐదు వేల కిలోమీటర్లకు ఇంచుమించు సమానం. ఆ నమ్మకాన్ని వదిలించడానికి కాలిఫోర్నియా ప్రభుత్వం పనిగట్టుకుని ప్రచారం చేయాల్సి వచ్చింది.

షెడ్డును నమ్మనివారు సర్వీస్ సెంటర్‌కు వెళతారు. అక్కడ ఏసీ ఉంటుంది, కాఫీ ఉంటుంది, ట్యాబ్ పట్టుకున్న సర్వీస్ అడ్వైజర్ ఉంటాడు. మాన్యువల్ ప్రకారం ఆయిల్ మార్చడంతో అతనికి తృప్తి లేదు. ఇంజన్ ఫ్లష్, ఇంజన్ కోటింగ్, ఆయిల్ ట్రీట్‌మెంట్ అంటూ మాన్యువల్లో ఎక్కడా కనిపించని నైవేద్యాలన్నీ జాబ్ కార్డులోకెక్కుతాయి. షెడ్డువాడు సంఖ్య మారుస్తాడు, ఇక్కడివాడు జాబితా మారుస్తాడు. రెండుచోట్లా చివరికి మారేది మన బిల్లే.

ఇక ఎదుటి మతం వారున్నారు, సింథటిక్ భక్తులు. "ఫుల్ సింథటిక్ పోయించాను, ఇరవై వేల దాకా బానెట్ ఎత్తే పని లేదు" అంటారు. డబ్బా మీది బంగారు అక్షరాలు చదివినవారు మాన్యువల్లోని నల్ల అక్షరాలు చదవరు. ఏడాదికి మూడు వేల కిలోమీటర్లు కూడా తిరగని మరొకాయన "పది వేలు కానిదే ఎందుకు?" అని మూడేళ్లు అదే ఆయిల్‌తో నెట్టుకొస్తాడు. "ఏది ముందయితే అది" అన్న మాటలో మనవాళ్లకు వినబడేది ఏది చవకయితే అది. మరికొందరు 0డబ్ల్యూ-20 పోయాల్సిన ఇంజన్‌లో "చిక్కగా ఉంటే బలం" అని 20డబ్ల్యూ-40 పోయిస్తారు. గడ్డపెరుగు అయితే బలమే కావచ్చు. పలచటి ఆయిల్ కోసం సన్నగా చెక్కిన దారుల్లోకి అది చలిపొద్దున స్టార్ట్ చేయగానే చేరడం ఆలస్యమవుతుంది.

అసలు కిలోమీటర్లు సగం కథే. గంటకు అరవై వేగంతో ఔటర్ రింగ్ రోడ్డు మీద పది వేల కిలోమీటర్లు తిరిగితే ఇంజన్ పనిచేసింది సుమారు 167 గంటలు. అమీర్‌పేట ట్రాఫిక్‌లో గంటకు పదిహేను చొప్పున ఈదితే అదే దూరానికి 667 గంటలు. మీటరు రెండింటినీ ఒకేలా చూపిస్తుంది, ఆయిల్ ఒకేలా చూడదు. కూరగాయల కోసం కిలోమీటరు వెళ్లి ఆపేసే బండి పరిస్థితి ఇంకా అన్యాయం. ఇంజన్ పూర్తిగా వేడెక్కదు, ఆయిల్‌లో చేరిన తేమా పెట్రోలూ ఆవిరైపోయే వీలుండదు. అందుకే మాన్యువల్లో కఠిన వాడకం అని మరో పట్టిక ఉంటుంది. దుమ్ము రోడ్లు, పొట్టి ప్రయాణాలు, గంటల తరబడి ఐడిలింగ్ ఉంటే గడువు తగ్గించమంటుంది. కొన్ని కార్లకు సగానికి సగం. అంటే మేనమామ అంకె కొందరికి సరిపోతుంది కూడా. ఆయన ఏ బండి, ఏ రోడ్డు, ఏ వాడకం అని అడిగి చెప్పి ఉంటే దానికి సలహా అనే పేరు దక్కేది.

అనవసరంగా పారబోసే ప్రతిసారీ ఒక చిన్న కారు నుంచి మూడు లీటర్లకు అటూ ఇటూగా ఆయిల్ దిగుతుంది. 2016 నిబంధనల ప్రకారం వాడిన ఆయిల్ ప్రమాదకర వ్యర్థం. 2024 ఏప్రిల్ నుంచి దాని రీసైక్లింగ్ బాధ్యతను ఉత్పత్తిదారుల మీదా దిగుమతిదారుల మీదా పెట్టారు. ఇంజన్ ఆరోగ్యం కోసం అంత తపించే మనం ఆ నల్లటి ఆయిల్ సెంట్రింగ్ చెక్కలకు పూతగా పోతోందో, షెడ్డు వెనక కాలువలో కలుస్తోందో ఎన్నడూ అడగం.

కాబట్టి చేయాల్సింది పెద్దగా లేదు. మాన్యువల్ తెరిచి రెండు పట్టికలూ చదవండి. మీ వాడకం ఏ పట్టికలోకి వస్తుందో మొహమాటం లేకుండా ఒప్పుకోండి. అందులో రాసిన గ్రేడే పోయించండి, డబ్బా సీలు మీ కళ్లముందే తీయించండి, ఫిల్టరూ మార్పించండి. నెలకోసారి బండిని చదునైన చోట ఆపి, ఇంజన్ ఆపాక కొన్ని నిమిషాలాగి డిప్‌స్టిక్ తీయండి. రంగు కాదు, మట్టం చూడండి. ఆయిల్ నల్లబడినందుకు కాదు, మట్టం పడిపోయినా చూడనందుకు బోరుకొస్తాయి ఇంజన్లు. ఇక గడువు ఎంతో నిర్ణయించే పని మాత్రం ఆయిల్ అమ్మేవాడికి అప్పగించకండి.