ఎంటీఏ ఛైర్మన్ గారికి ఒక చీజ్ స్లైసు విన్నపం

న్యూయార్క్ నగర రవాణా సంస్థ ఎంటీఏ ఛైర్మన్ గారి దివ్యసముఖానికి,

మీ సబ్‌వే రైలు రోజూ ఎక్కి దిగే ఒక తెలుగు ఉద్యోగి నమస్కరించి రాసుకునే విన్నపం.

విషయం: నగరంలో చీజ్ పిజ్జా స్లైసు ధర, నాణ్యతల తనిఖీ.

అయ్యా, రైళ్లు నడుపుకునే మాకు పిజ్జాల గొడవ ఎందుకని ఈ అర్జీ పక్కన పడేయకండి. ఈ చుట్టరికం నేను కలిపింది కాదు. మామూలు చీజ్ స్లైసూ మీ సబ్‌వే చార్జీ ఏళ్ల తరబడి ఒకే ధరతో జంటగా నడుస్తున్నాయని ఎరిక్ బ్రామ్ అనే పేటెంట్ లాయరు 1980లోనే న్యూయార్క్ టైమ్స్‌లో ఎత్తిచూపారు. ఈ ‘పిజ్జా సూత్రం’ ఇక్కడ చాలామందికి తెలుసు. 1904లో 5 సెంట్లతో మొదలైన మీ చార్జీ 1948 దాకా కదల్లేదు. తర్వాత కాళ్లొచ్చాయి. 1986లో డాలరు, 2003లో 2 డాలర్లు, 2026 జనవరిలో 3 డాలర్లు.

విచారించవలసిన సంగతేమిటంటే, స్లైసు మిమ్మల్ని దాటేసింది. చాలా కొట్లలో ఇప్పుడది మూడున్నర, నాలుగు డాలర్లు పలుకుతోంది. జంటలో ఒకరు చెయ్యి దాటిపోయారు కనుక, తమరు అడక్కపోయినా తనిఖీ బాధ్యత నేనే నెత్తినేసుకున్నాను.

తనిఖీకి చీజ్ స్లైసు తప్ప మరొకటి పనికిరాదు. హోటలు సంగతి ఇడ్లీ చెప్పినట్టు పిజ్జా కొట్టు సంగతి ఇదే చెబుతుంది. పైన పెపరోనీ, పుట్టగొడుగులూ పరిస్తే కింద ఎన్ని తప్పులైనా కప్పబడిపోతాయి. పిండి, టమాటా సాసు, మొజరెల్లా మాత్రమే ఉన్నచోట దొంగపనికి తావు లేదు.

ముందే కాల్చి గాజు పెట్టెలో పెట్టిన ముక్కని కౌంటరు దగ్గరి మనిషి మళ్లీ ఓవెన్‌లోకి తోస్తాడు. తొందరపడి తీశాడా, పైన సలసల, నడుమ చల్లదనం. సరిగ్గా వేడెక్కిన ముక్కని నిలువునా మడిచి పట్టుకుంటే కొన ఒక్క పిసరు వంగాలి. నేలచూపులు చూసిందంటే సగం మార్కులు కోత. అడుగున గోధుమరంగు మచ్చలుండాలి. మడత దగ్గర పెళపెళమనాలి, చీలకూడదు. చీజ్ సాగాలి, కానీ మొదటి కాటుకే మొత్తం ఊడి నోట్లోకి రాకూడదు. నీరు తక్కువున్న మొజరెల్లా వాడేది అందుకే. తాజా మొజరెల్లా వేసి గ్యాస్ ఓవెన్‌లో చాలాసేపు కాలిస్తే నీరూరి పిండి నానిపోతుంది.

ఫలితాలు: స్టేషను ఎదురుగా దీపాలు ధగధగలాడే కొట్టుకి పదికి మూడు. సాసులో చక్కెర తప్ప టమాటా జాడ లేదు. మా వీధి చివర, కూర్చోడానికి బల్లైనా లేని కొట్టుకి ఎనిమిదిన్నర. కోసిన ఒకటిన్నర మార్కులు ఉప్పుకి. 1929లో మొదలై ఇప్పుడు బ్లీకర్ వీధిలో ఉన్న జాన్స్ కొట్టులో ముక్కలుగా అమ్మరు, మొత్తం పిజ్జా కొనాల్సిందే. కనుక అది నా అధికార పరిధిలోకి రాదు.

ఫోర్కుతో తిన్న సాక్ష్యం చెల్లదని కూడా మనవి. 2014లో మేయర్ డి బ్లాసియో పిజ్జాని ఫోర్కుతో తిని ఊరి నోళ్లలో పడ్డారు. మరుసటేడే మీ ఫస్ట్ అవెన్యూ స్టేషను మెట్లమీద ఒక ఎలుక తనకంటే పెద్ద స్లైసుని ఈడ్చుకుపోతూ వీడియోకెక్కి లోకప్రసిద్ధి పొందింది. పట్టుదలలో మేయరుగారికన్నా దానికే ఎక్కువ మార్కులు.

చార్జీలు పెంచేముందు తమరు ప్రజాభిప్రాయ సేకరణ సభలు పెడతారు కదా. ఈసారి సభకి ముందు బోర్డు సభ్యులందరూ ఏదైనా పేటలోని చిన్న కొట్టుకెళ్లి, క్యూలో నిలబడి, సొంత డబ్బుతో ఒక చీజ్ స్లైసు కొనుక్కుని నిలబడే తినాలి. ఆ డబ్బుకి దాంట్లో దక్కిన తృప్తి మీ ప్రయాణంలోనూ దక్కుతుందని అప్పటికీ అనిపిస్తే నిరభ్యంతరంగా పెంచుకోండి. అనిపించకపోతే మాత్రం ఆ ఫైలు మరో ఏడాది ముట్టుకోవద్దు.

ఇట్లు,
తమ విధేయుడైన ప్రయాణికుడు, స్వయంప్రకటిత స్లైసు ఇన్‌స్పెక్టరు