ఐదు బైట్ల బతుకు

నాకున్నది ఐదు బైట్లే. లినక్స్ కెర్నెల్‌లో, ఈఎక్స్‌టీ4 ఫైల్‌సిస్టమ్ తాలూకు ఒక ఫంక్షన్ గుమ్మం నా చోటు. "నేను రాసింది డిస్కు మీదికి చేరేదాకా నన్ను కదలనివ్వకు" అని ఏ ప్రోగ్రామైనా ఎఫ్‌సింక్‌ని పిలిస్తే, ఆ పని చూసేది ఈ ఫంక్షనే. లోపలికి ఎవరు రావాలన్నా నన్ను దాటే రావాలి. మామూలుగా నేను ఎవరినీ ఆపను, ఏమీ అడగను. నన్ను నోప్ అంటారు. ప్రాసెసర్ నన్ను చదివి, చేయాల్సిందేమీ లేదని గ్రహించి, తర్వాతి ఆదేశానికి సాగిపోతుంది.

పుట్టుకతో నేను ఇలా లేను. కెర్నెల్‌ను కంపైల్ చేసేటప్పుడు జీసీసీ దాదాపు ప్రతి ఫంక్షన్ మొదట్లో ఒక కాల్ ఆదేశం చొప్పిస్తుంది. ఏ ఫంక్షన్ ఎన్నిసార్లు నడిచిందో లెక్కగట్టే జీప్రాఫ్ అనే పాత పనిముట్టు కోసం పుట్టిన పద్ధతి అది. ఎక్స్86-64 యంత్రాల్లో ఆ ఆదేశానికి ఒక బైటు, ఎక్కడికి వెళ్లాలో చెప్పడానికి నాలుగు బైట్లు కావాలి. నా కొలత అలా వచ్చింది. కానీ కెర్నెల్‌లో నాలాంటివాళ్లు పదుల వేల సంఖ్యలో ఉంటారు. అందరం ప్రతిసారీ ఎక్కడికో వెళ్లి రావాలంటే, అక్కడ చేసే పనేమీ లేకపోయినా, యంత్రం మొత్తం మందగిస్తుంది. అందుకే మా అందరినీ నోప్‌లుగా మార్చి, చిరునామాలు మాత్రం ఒక పట్టికలో దాచి ఉంచుతారు.

ఈ ఏర్పాటు పేరు ఎఫ్‌ట్రేస్. దీన్ని నిర్మించినవాడు స్టీవెన్ రోస్టెడ్. రియల్‌టైమ్ లినక్స్ కోసం ఇంగో మోల్నార్ రాసిన లేటెన్సీ ట్రేసర్ దీనికి పూర్వరూపం. 2008 అక్టోబరులో వచ్చిన 2.6.27 వెర్షన్‌తో ఇది కెర్నెల్‌లో చేరింది. అంతకు మూడేళ్ల ముందే, 2005లో, సన్ మైక్రోసిస్టమ్స్ వారి సొలారిస్ 10తో డీట్రేస్ విడుదలైంది. జనం వాడుతున్న సర్వర్‌ను ఆపకుండానే దాని లోపల ఏం జరుగుతోందో చూడొచ్చని, చూడనప్పుడు ఆ ఏర్పాటు వల్ల భారమేమీ ఉండక్కర్లేదని అది నిరూపించింది. ఆ పెద్దరికం దానిదే.

నన్ను మేల్కొలిపే తీరు నాకు చాలా ఇష్టం. నోప్‌ని తీసేసి మళ్లీ కాల్ పెట్టాలి. కానీ ఆ క్షణంలోనే ఇంకో సీపీయూ నన్ను దాటుతూ ఉండొచ్చు. సగం పాత, సగం కొత్త బైట్లను అది చదివిందంటే యంత్రం అక్కడికక్కడే కూలిపోతుంది. అందుకని ముందు నా మొదటి బైటు ఒక్కదాన్నే బ్రేక్‌పాయింట్‌గా మారుస్తారు. ఆ సమయంలో ఎవరైనా నా మీద కాలుపెడితే, బ్రేక్‌పాయింట్ సంగతి చూసే కోడ్ వాళ్లను క్షేమంగా ముందుకు పంపేస్తుంది. ఆ తర్వాత మిగతా నాలుగు బైట్లు రాస్తారు. అన్ని సీపీయూలకూ మార్పు తెలిశాక చివరగా మొదటి బైటును సరిచేస్తారు. ఇంత పనీ జరుగుతున్నా యంత్రం ఆగదు, దాని మీద ఆధారపడ్డవాళ్లకు తెలియను కూడా తెలియదు.

ఒక రాత్రి సంగతి చెబుతాను. అది టికెట్ల బుకింగ్ డేటాబేస్ నడిచే సర్వర్. ఇంజనీర్ల మాటలు నాకు వినబడవు. వాళ్లు టైపు చేసే ఆదేశాలు మాత్రం కెర్నెల్ దాకా వస్తాయి. వాటిని బట్టే వాళ్ల మనసులో ఏముందో తెలుస్తుంది.

మొదట వాళ్లు పెర్ఫ్‌తో శాంపిళ్లు తీశారు. అది క్షణక్షణానికీ సీపీయూ మీద ఎవరున్నారో చూసి రాసుకుంటుంది. సీపీయూలు చాలావరకు ఖాళీగా ఉన్నాయి, ఉన్న కాస్త పనిలోనూ తప్పుపట్టడానికి ఏమీ దొరకలేదు. టికెట్ కమిట్లు మాత్రం ఆగి ఆగి నడుస్తున్నాయి. నాకు బాధ కలిగేది ఇలాంటి చోటే. నెమ్మదిగా నడిచే ప్రోగ్రామ్ కష్టపడి పనిచేస్తూ ఉందనుకుంటారు, దాని పనిని తగ్గించే దారి వెతుకుతారు. ఎన్నోసార్లు అది పనే చేయదు, ఎవరికోసమో ఎదురుచూస్తూ నిద్రపోతుంది. నిద్రలో ఉన్నది సీపీయూ మీద ఉండదు. సీపీయూ మీద లేనిదాన్ని ఆ శాంపిళ్లు పట్టలేవు.

కాసేపటికి ట్రేసింగ్ డైరెక్టరీలోకి ఎవరో వచ్చారు. గ్రాఫ్ ట్రేసర్‌కు నా ఫంక్షన్ పేరు ఇచ్చారు. నేను మేల్కొన్నాను. ఈ ట్రేసర్ లోపలికి వెళ్లే సమయంతో ఊరుకోదు. ఫంక్షన్ తిరిగి వెళ్లాల్సిన చిరునామాను కూడా తన దగ్గర పెట్టుకుని, బయటికి వచ్చే సమయాన్నీ పట్టుకుంటుంది. పది మైక్రోసెకన్లు దాటితే పక్కన ప్లస్ గుర్తు, వంద దాటితే ఆశ్చర్యార్థకం, వెయ్యి దాటితే హ్యాష్, పది మిల్లీసెకన్లు దాటితే నక్షత్రం పెడుతుంది. సెకను దాటితే పెట్టేది డాలర్ గుర్తు. ఆ రాత్రి నా పేరు పక్కన డాలర్లు కనబడ్డాయి. వరస ఇంకాస్త లోపలికి చూస్తే, ఆ సమయమంతా, ఈఎక్స్‌టీ4 తన మార్పులను ముందుగా రాసుకునే జర్నల్‌లో కమిట్ కోసం వేచి ఉండడంలోనే పోయింది.

తర్వాత షెడ్యూలర్ ఈవెంట్లు తెరిచారు. ఎవరు సీపీయూ వదిలి వెళ్లారు, ఏ స్థితిలో వెళ్లారు, వాళ్లను లేపింది ఎవరు అన్నదంతా అక్కడ ఉంటుంది. డేటాబేస్ పక్కన 'డి' అక్షరం ఉంది. అంటే సిగ్నల్ పంపినా లేవని నిద్ర. దాన్ని లేపాల్సింది జర్నల్ థ్రెడ్. అది కూడా డిస్కు కోసం నిద్రపోతోంది. సరే, డిస్కును అంతగా నింపుతున్నది ఎవరని బ్లాక్ ఈవెంట్లు చూస్తే ప్రతి వరసలోనూ కె-వర్కర్ పేరే ఉంది.

అక్కడ ఆగిపోయేవాళ్లు చాలామంది. కె-వర్కర్ కెర్నెల్ సొంత పనివాడు, తనకంటూ రాసుకునేది ఏమీ లేదు. ప్రోగ్రాములు రాసింది మొదట మెమరీలో ఉంటుంది. దాన్ని ఆ తర్వాత డిస్కుకు మోసేది ఇతను. అసలు రాసినవాడి పేరు ఆ వరసల్లో ఉండదు. ఆ రాత్రి కూర్చున్న మనిషికి ఈ సంగతి తెలుసు. అందుకే ఈఎక్స్‌టీ4లో రాత మొదలయ్యే చోట ఉన్న ఈవెంటును తెరిచారు. అక్కడ ఫైళ్లను మూటగట్టే టార్ పేరు ధారగా వచ్చిపడింది. ఎవరో బ్యాకప్‌ను డేటాబేస్ ఉన్న పార్టిషన్‌లోకే తీస్తున్నారు. జర్నల్ ఆర్డర్డ్ పద్ధతిలో ఉంది కాబట్టి, ఒక కమిట్ ముగియాలంటే దానికి ముడిపడ్డ ఫైళ్ల డేటా ముందుగా డిస్కుకు చేరాలి. ఎవరి బ్యాకప్ కోసమో టికెట్ కొనేవాళ్లు కాచుకున్నారు. డేటాబేస్ తప్పేమీ లేదు.

ఇలా చూడడానికి కొంత ఖర్చవుతుంది, దాచను. ఫిల్టర్ లేకుండా మా అందరినీ ఒక్కసారి లేపితే యంత్రం నీరసిస్తుంది. మేం రాసేది ఒక్కో సీపీయూకి ఒక్కటిగా ఉండే రింగ్ బఫర్‌లోకి. అది నిండితే పాతవాటి మీదే కొత్తవి పడతాయి. చదివేవాళ్లు వెనకబడితే ఎన్ని ఈవెంట్లు పోయాయో అది చెబుతుంది. కానీ పోయినవాటిలో ఏముందో చెప్పలేదు. అందుకే ఒక్క ఫంక్షన్‌తో మొదలుపెట్టి అవసరాన్ని బట్టి వలయం పెంచిన ఆ పద్ధతి నాకు నచ్చింది.

బ్యాకప్‌ను వేరే డిస్కుకు మార్చారు. మర్నాడు రాత్రి అదే వేళకు గ్రాఫ్ ట్రేసర్‌తో నన్ను మళ్లీ లేపి చూశారు. డాలర్లు లేవు, నక్షత్రాలూ లేవు. ఆశ్చర్యార్థకాలు, వాటి మధ్య అక్కడక్కడా హ్యాష్‌లు కనిపించాయి. కాషేలో ఉన్నదంతా నిజంగా శాశ్వతంగా రాయమని డిస్కును అడిగితే ఆ మాత్రం సమయం దానికి ఇవ్వాల్సిందే. వాళ్లు ట్రేసర్‌ను ఆపేసి టికెట్ల క్వెరీల వైపు వెళ్లారు.