ఫైలు అర్ధాయువు

అణు విద్యుత్తా, సౌర విద్యుత్తా అని చర్చల్లో మేధావులు గొంతు చించుకుంటున్నారు. శ్రీకాకుళం జిల్లా కొవ్వాడకు ఆ రెండూ సమానమే, రాత్రిపూట రెండూ ఉండవు.

అక్కడ 1,208 మెగావాట్ల రియాక్టర్లు ఆరు రావాలి. 2009లోనే ఢిల్లీ సూత్రప్రాయంగా ‘సరే’ అంది. రియాక్టర్లు రాలేదు గానీ భూసేకరణ వచ్చింది. వాటిని ఇవ్వాల్సిన అమెరికా కంపెనీ వెస్టింగ్‌హౌస్ 2017లో దివాలా పిటిషన్ వేసింది. అదే ఏడాది కర్నూలు జిల్లాలో 1,000 మెగావాట్ల సౌర పార్కు కరెంటు ఇచ్చేసింది.

అలాగని సూర్యుడికి సన్మానం చేయనక్కర్లేదు. మనం ఇల్లు చేరి ఏసీ వేసే వేళకే ఆయన డ్యూటీ దిగిపోతాడు. ఓవర్‌టైం చేయమంటే బ్యాటరీల బిల్లు చేతిలో పెడతాడు.

‘అణు కేంద్రమైతే రేయింబవళ్లు ఇస్తుంది కదా!’ అంటారు నిపుణులు. ఇస్తుంది స్వామీ, ముందు పునాది పడనివ్వండి! యురేనియం-235 సగం తరగడానికి 70 కోట్ల ఏళ్లు పడుతుంది. అంత ఓపికైన లోహానికి, పాపం, మన ఆఫీసుల్లో ఈడూజోడూ కుదిరిన ఫైలే దొరికింది.