కరణంగారి భోషాణం

నాది టేకు కర్ర. మూతకి ఇత్తడి పట్టీలు, ముందు అరచేతంత తాళం. కదపాలంటే నలుగురు కావాలి. కృష్ణా డెల్టాలో ఓ ఊళ్లో కరణంగారి వసారాలో మూడు తరాలు కూర్చున్నాను. ఊరి పేరు మాత్రం అడక్కండి.

అప్పట్లో మా ఊరికి సర్కారంటే నలుగురే. శిస్తు వసూలుకీ, చావుపుట్టుకల రిజిస్టరుకీ మునసబు. లెక్కలకి కరణం. కబురుకి తలారి, కట్టలు మోయడానికి వెట్టి. భూమి కాయితాలన్నీ నా కడుపులోనే ఉండేవి. అడంగళ్లు, డైగ్లాటు, పొలాల పటాలు, వాటి మధ్య ఎండు వేపాకు. అడుగున నూరు లంకెల ఇనపగొలుసు, పొడవు 66 అడుగులు. అడ్డంగా ఒక గొలుసు, నిలువుగా పది గొలుసులు పడితే ఎకరం.

కరణంగారిదీ గొలుసుకట్టు రాతే. ఆయనకి తప్ప ఎవరికీ కొరుకుడు పడేది కాదు. ఊళ్లో ఆయన పరపతికి సగం కారణం అదే అంటాను.

ఓ వేసవి మధ్యాహ్నం నా మూత మీదే అడంగల్ పరిచారు. చాకుమొనతో ఓ గడిలో ఇంకు గీకి, గరుకు పోయేదాకా గోటితో రుద్ది, అక్కడ వేరే పేరు రాశారు. 80 సెంట్ల మాగాణి, భర్త పోయిన ఒకావిడది. సంక్రాంతికి ఆవిడ బుట్టెడు దోసకాయలతో వచ్చింది.

"బాబుగారూ, కాయితంలో నా పేరే ఉందా అండీ?"

"ఉందమ్మా, వెళ్లిరా."

నాకు తాళం ఉంది గాని నోరు లేదు.

అలాగని ఆయన్ని ఒక్క మాటలో తీసిపారెయ్యలేను. 1977 నవంబరు ఉప్పెనకి గట్లు చెరిగిపోతే, మోకాలిలోతు బురదలో గొలుసు లాగించి ఎవరి హద్దు వాళ్లకి చూపించిందీ ఆయనే.

1984 జనవరిలో రామారావుగారి ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చి కరణం, మునసబు పదవులు తీసేసింది. అప్పటికి ఆ ఏటి అడంగల్, ఫసలీ లెక్కలో 1393ది, సగమే నిండింది. తాలూకా ఆఫీసు వాళ్లు వచ్చి కట్టలన్నీ లెక్కపెట్టి పట్టుకెళ్లారు. గొలుసు ఎవరికీ పట్టలేదు. మరుసటేడు ఆ తాలూకాలూ పోయి మండలాలొచ్చాయి. నాలో పరుపులు పెట్టారు.

2019 అక్టోబరు 2న రాష్ట్రమంతా గ్రామ సచివాలయాలన్నారు. మాది ఎదురుగానే. వీఆర్వో, సర్వేయరు, డిజిటల్ అసిస్టెంటు, ఇలా నలుగురి చోట పదిమంది. మీట నొక్కితే భూమి ఎవరిదో చెప్పే వన్‌-బీ కాయితం బయటికొస్తుంది. రాత గుండ్రంగా ఉంటుంది, ఎవరైనా చదువుకోవచ్చు.

మొన్న ఆవిడ మనవడు అక్కడ కాయితం తీయించుకుని, చదువుకుని, తిన్నగా మా వసారాలోకి వచ్చాడు.

"పాత అడంగళ్లేమైనా ఉన్నాయా అండీ?"

కరణంగారి మనవడు నా మూత ఎత్తి చూపించాడు. రెండు పాత పరుపులు, చిల్లుపడ్డ ఇత్తడి కాగు, తుప్పుపట్టిన గొలుసు. అంతే.